కొలత కుదరని చోట ఫ్లాట్‌ప్యాక్ వంటింటి క్యాబినెట్లు: కోత నుంచి బిగింపు దాకా సమగ్ర మార్గదర్శి

ఫ్లాట్‌ప్యాక్ క్యాబినెట్లు, అంటే విడి పలకలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే పెట్టెలు, నిర్ణీత కొలతల్లోనే వస్తాయి. వెడల్పు సాధారణంగా 300, 400, 450, 500, 600, 800, 900 మిల్లీమీటర్లలో ఏదో ఒకటిగా ఉంటుంది. వంటగది గోడలు మాత్రం ఆ వరుసను చూసి కట్టినవి కావు. ఒక మూల లంబకోణానికి కాస్త ఎక్కువ తెరుచుకుని ఉంటుంది, ఒక చోట స్తంభం ముందుకు పొడుచుకు వస్తుంది, నేల ఒక కొస నుంచి ఇంకో కొసకు వాలి ఉంటుంది, సరిగ్గా క్యాబినెట్ రావలసిన చోటే నీటి పైపు దిగుతుంది. ఇలాంటి చోట క్యాబినెట్‌ను మార్చి అమర్చుకోవడం సాధ్యమే. అయితే ఏ పలకను, ఏ అంచు నుంచి, ఎంత కోయాలో ముందే తేల్చుకున్న తరువాతే రంపం చేతబట్టాలి.

ఈ పని మొత్తానికి ఆధారమైన విషయం ఒకటుంది. ఈ పెట్టెల్లో అమరికలన్నీ ముందు అంచు నుంచి కొలిచి పెట్టినవే. పక్క పలక లోపలి వైపు నిలువుగా కనిపించే 5 మి.మీ. రంధ్రాల వరుస చాలా కంపెనీల పెట్టెల్లో ముందు అంచుకు 37 మి.మీ. దూరంలో మొదలవుతుంది, ఒక్కో రంధ్రానికి మధ్య 32 మి.మీ. ఎడం ఉంటుంది. తలుపు కీళ్ల పట్టాలు, సొరుగుల ఛానెళ్లు, అరల పిన్నులు అన్నీ ఆ వరుస మీదే కూర్చుంటాయి. ఫ్యాక్టరీలో అతికించిన చక్కటి అంచు పట్టీ ఉండేదీ అక్కడే. అందుకే ఎంత ఇబ్బంది వచ్చినా ముందు అంచును కోయకండి. వెనుక నుంచి, లేదా పక్కకు దాగిపోయే కొస నుంచి తగ్గించండి.

కొలతలు

అడుగు క్యాబినెట్లు వచ్చే గోడ పొడవును మూడు ఎత్తుల్లో కొలవండి: నేలకు దగ్గరగా, నడుము ఎత్తులో, గట్టు పలక వచ్చే ఎత్తులో. మూడింటిలో తక్కువగా వచ్చినదే మీకు పనికివచ్చే కొలత. ఖాళీ రెండు గోడల మధ్య ఉంటే వెనుక ఒకసారి, గోడ నుంచి 600 మి.మీ. ముందుకు జరిగి మరోసారి కొలవాలి, ఎందుకంటే గోడలు ముందుకు వచ్చే కొద్దీ దగ్గరపడుతూ ఉంటే వెనుక దూరిన పెట్టె ముందు ఇరుక్కుంటుంది. మూల సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక గోడ మీద 900 మి.మీ., రెండో గోడ మీద 1200 మి.మీ. దగ్గర గుర్తులు పెట్టి వాటి మధ్య దూరం చూడండి. 1500 వస్తే మూల లంబకోణం. ఎక్కువ వస్తే మూల తెరుచుకుని ఉందని, తక్కువ వస్తే ముడుచుకుని ఉందని అర్థం.

తరువాత నేల. పొడవైన రసమట్టంతో గానీ లేజర్‌తో గానీ నేల అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోటు కనుక్కుని, క్యాబినెట్ ఎత్తును అక్కడి నుంచి లెక్కపెట్టండి. సర్దుబాటు కాళ్లను ఎత్తి పల్లాన్ని సరిచేయవచ్చు, మిట్టను దించడం మాత్రం కుదరదు.

నిలువు బీరువాల విషయంలో చాలామంది మరిచిపోయే లెక్క ఒకటి ఉంది. 2200 మి.మీ. ఎత్తు, 600 మి.మీ. లోతు ఉన్న బీరువాను పడుకోబెట్టి బిగించి ఆ తరువాత లేపితే, దాని మూల నుంచి మూలకు ఉండే పొడవు దాదాపు 2280 మి.మీ. కాబట్టి పైకప్పు అంతకంటే తక్కువ ఎత్తులో ఉంటే బీరువా లేవదు. అయినా పైకప్పు 2200 కంటే ఎత్తుగానే ఉంటే దాన్ని కోయాల్సిన పని లేదు. నిలబెట్టే చోటనే పక్క పలకలను నిలువుగా పట్టుకుని బిగించుకుంటే చాలు.

కోయకుండా సరిపోతుందేమో ముందు చూడండి

గోడ పొడవు 1760 మి.మీ. ఉందనుకుందాం. మూడు 600 పెట్టెలు పట్టవని చూసి ఒకదాన్ని కోయాలని వెంటనే అనిపిస్తుంది. కానీ రెండు 600, ఒక 500 కలిపితే 1700 అవుతుంది. మిగిలిన 60 మి.మీ.ను రెండు కొసల్లో 30 చొప్పున ఫిల్లర్ పట్టీలతో మూసేయవచ్చు. ఈ పట్టీలు అదనపు అలంకారం కావు, గోడ పక్కన అవి ఎలాగూ కావాలి. పట్టీ లేకుండా పెట్టెను గోడకు ఆనించి పెడితే తలుపు పిడి గోడకు తగులుతుంది, సొరుగు సగంలోనే ఆగిపోతుంది. రెండు వరుసలు కలిసే లోపలి మూలలో అయితే రెండు వైపులా కనీసం 50 మి.మీ. పట్టీ వదిలితేనే ఒక సొరుగు తెరిచినప్పుడు దాని పిడి రెండో వైపు తలుపుకు తగలకుండా ఉంటుంది. పిడులు ఎక్కువ ముందుకు పొడుచుకు వచ్చే రకమైతే ఆ మేరకు పెంచుకోండి.

ఎత్తు విషయంలోనూ ఇంతే. అడుగు పెట్టె కిటికీ గట్టుకు తగులుతుంటే ముందు కాళ్లను తగ్గించండి, అవసరమైతే పొట్టి కాళ్లు తెచ్చి కాళ్లను ముందు నుంచి కప్పే స్కర్టింగ్ పట్టీని సన్నగా కోయండి. పెట్టెను కోయడం కంటే ఇది చాలా సులువు, బలమూ తగ్గదు. ఓవెన్, డిష్‌వాషర్ లాంటి యంత్రాల కోసం చేసిన పెట్టెల జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్లకండి. వాటి కొలతలు, చుట్టూ గాలి ఆడే సందులు ఆ యంత్రాన్ని బట్టి నిర్ణయించినవి. కోసిన పెట్టెకు కంపెనీ వారంటీ కూడా వర్తించకపోవచ్చు, కాబట్టి ఆ కాగితం ముందే చదువుకోండి.

వెడల్పు తగ్గించడం

వెడల్పు, లోతు, ఎత్తు అనే మూడు రకాల మార్పుల్లో ఇదే సులువైనది. పక్క పలకలు యథాతథంగా ఉంటాయి, వాటిలోని రంధ్రాలు ఏవీ మారవు. అడ్డంగా ఉండే ముక్కలు మాత్రమే పొట్టి అవుతాయి: అడుగు పలక, పై పలక లేదా పై పట్టీలు, అరలు, వెనుక పలక.

790 మి.మీ. ఖాళీ ఉన్న చోటు తీసుకుందాం. 600 పెట్టె పెడితే 190 మి.మీ. వృథా అవుతుంది, 800 పట్టదు. ఇక్కడ 800 పెట్టెను 740కి తగ్గించి, రెండు వైపులా 25 మి.మీ. చొప్పున ఫిల్లర్‌కు వదలడం సరైన పరిష్కారం. పక్క పలకలు ఒక్కొక్కటి 18 మి.మీ. మందం అయితే అడుగు పలక పొడవు 764 నుంచి 704కు రావాలి. అయితే ప్రతి ముక్కకూ కొత్త కొలతను విడిగా లెక్కించకండి. అన్ని అడ్డ ముక్కల నుంచీ ఒకే అంకె, ఇక్కడ 60, తీసేయండి. వెనుక పలక గాడిలో ఎంత దూరుతుంది, అరకు పక్కన ఎంత సందు వదిలారు అన్నవి ఫ్యాక్టరీ లెక్కలోనే ఉన్నాయి, ఒకే అంకె తీసేస్తే అవన్నీ అలాగే నిలుస్తాయి.

ఆ 60 అన్న అంకె కూడా ఊరికే ఎంచుకున్నది కాదు. రెండు పలకలను కలిపే బోల్టు తలను గుంతలో తిప్పి బిగించే, మినీఫిక్స్ అని పిలిచే క్యామ్ లాక్ కోసం పలకలో 15 మి.మీ. వ్యాసం గల గుంత ఉంటుంది. దాని నడిమి బిందువు కొస నుంచి చాలా వాటిలో 34 మి.మీ., కొన్నింట 24 మి.మీ. దూరంలో ఉంటుంది. 34 ఉన్న పలకలో ఆ గుంత కొస నుంచి 26.5 నుంచి 41.5 మి.మీ. దాకా పరుచుకుని ఉంటుందన్న మాట. మీరు 40 మి.మీ. కోస్తే కోత ఆ గుంత గుండానే పోతుంది. 20 మి.మీ. కోస్తే పాత గుంత కొత్త కొసకు మరీ దగ్గరగా మిగిలిపోతుంది, కొత్త బోల్టు రావలసిన దారిలో అదే అడ్డుపడుతుంది. అందుకే కోత 50 మి.మీ.కు తక్కువ కాకుండా చూసుకుని, ఎక్కువైనది ఫిల్లర్‌కు వదిలేయడం మేలు. అంతకంటే తక్కువే తగ్గించక తప్పదంటే ఆ కొసన క్యామ్ లాక్ ఆశ వదులుకుని, కింద చెప్పబోయే కన్ఫర్మాట్ స్క్రూలను వాడండి.

కోత ఒకే కొస నుంచి ఉండాలి. రెండు కొసల నుంచి 30 చొప్పున తీస్తే నాలుగు చోట్ల కొత్త రంధ్రాలు వేయాల్సి వస్తుంది. పక్కన మరో పెట్టె గానీ గోడ గానీ వచ్చే వైపును ఎంచుకుని అన్ని ముక్కలనూ ఆ వైపే కోయండి. అడుగు పలక, పై పలక వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే పొడవు రావాలి. లేకపోతే పెట్టె పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పు అవుతుంది, ఆ తప్పును తలుపు బయటపెడుతుంది. వీలైతే రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి క్లాంపులతో బిగించి, గైడు పట్టీ ఆధారంగా ఒకే కోతలో కోయండి.

కోసి తీసిన ముక్కను పారేయకండి. కొత్త రంధ్రాలకు అంతకంటే నమ్మకమైన కొలబద్ద ఉండదు. ఆ ముక్క పాత కొసను పలక కొత్త కొసకు సరిగ్గా కలిపి, ముందు అంచులు రెండూ ఒకే గీతలో ఉండేలా పెట్టి, క్యామ్ గుంతల నడిమి బిందువులను మూలమట్టంతో పలక మీదికి దించుకోండి. గుంత లోతు కూడా ఆ ముక్కలోనే కొలవండి, డ్రిల్ బిట్ మీద అంతే ఎత్తులో టేపు చుట్టుకోండి. 15 మి.మీ. గుంతకు అడుగు చదునుగా తీసే ఫోర్స్‌నర్ బిట్ కావాలి. దాని నడిమి ముల్లు పొడవుగా ఉంటే పలక అవతలి వైపు పొడుచుకు వస్తుంది, కాబట్టి ముల్లు పొట్టిగా ఉన్న బిట్ ఎంచుకోండి. బోల్టు, చెక్క చీలలు దూరే 8 మి.మీ. రంధ్రాలను పలక మందంలో సరిగ్గా పాత ఎత్తులోనే, పలకకు సమాంతరంగా వేయాలి. చేత్తో వేస్తే డ్రిల్లు పక్కకు వాలే ప్రమాదం ఉంది, బిట్‌ను పక్కకు పోకుండా నడిపే డ్రిల్లింగ్ జిగ్ ఒకటి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

క్యామ్ లాక్ వద్దనుకుంటే 7×50 మి.మీ. కన్ఫర్మాట్ స్క్రూ వాడవచ్చు. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు కోసమే తయారైన ఈ స్క్రూకు పక్క పలకలో 7 మి.మీ. రంధ్రం, దూరే పలక అంచులో 5 మి.మీ. రంధ్రం వేయాలి. అంచు రంధ్రం పలక మందానికి నడిమధ్యన లేకపోతే బోర్డు చీలుతుంది. స్క్రూ తల బయటి వైపు కనిపిస్తుంది కనుక, దాగిపోయే పక్కనే కోయాలన్న మాటకు ఇది మరో కారణం. తల పలకతో సమంగా లోపలికి దిగేలా చూడండి, పొడుచుకు వస్తే పక్క పెట్టె ఆనదు. సాధారణ చెక్క జిగురు పలకల మీది మెలమైన్ అనే గట్టి, నున్నటి పూత మీద పట్టదు. చీలలు దూరే రంధ్రాల లోపల మాత్రం పట్టుకుంటుంది, అక్కడ తప్పక వేయండి.

అంచు చిట్లకుండా కోయడం

మెలమైన్ పూత గాజు పెంకులా చిట్లుతుంది. కోత గీత మీద మాస్కింగ్ టేపు అతికించి, పదునైన కత్తితో స్టీలు స్కేలు ఆనించి గీతను రెండు మూడు సార్లు గీరితే పూత ముందే తెగి ఉంటుంది. రంపం పళ్లు బయటికి వచ్చే వైపే చిట్లుతుంది కాబట్టి ఏ రంపమో చూసుకుని పలకను పెట్టాలి. చేతి సర్క్యులర్ సాలో పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి, అందువల్ల కనిపించే ముఖం కిందికి ఉండాలి. టేబుల్ సాలో దీనికి వ్యతిరేకంగా కనిపించే ముఖం పైకి ఉండాలి. మామూలు జిగ్‌సా బ్లేడు కూడా పైకే కోస్తుంది. పలక రెండు ముఖాలూ కనిపించేవైతే రెండు వైపులా గీరి, మొదట 2 మి.మీ. లోతుకు మించకుండా ఒక కోత వేసి, ఆ తరువాత పూర్తిగా కోయండి. బ్లేడుకు పళ్లు ఎక్కువ ఉండాలి, అది పదునుగానూ ఉండాలి. పాత బ్లేడుతో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఫలితం బాగుండదు.

కోసేటప్పుడు పలక మొత్తానికీ, తెగిపడే ముక్కకూ కింద ఆధారం ఇవ్వండి. ముక్క వేలాడుతుంటే చివరి అంగుళం కోత పూర్తికాకముందే బరువుకు విరిగి, మూల ఊడిపోతుంది. పార్టికల్ బోర్డు ధూళిలో చెక్కతో పాటు జిగురు రేణువులు కూడా ఉంటాయి. ఎన్95 స్థాయి మాస్కు, కళ్లద్దాలు, చెవులకు రక్షణ లేకుండా ఈ పని చేయకండి, వీలైతే ఆరుబయట కోయండి.

లోతు తగ్గించడం

స్తంభం, దూలం, గోడ వెంట వెళ్లే పైపుల వల్ల కొన్ని చోట్ల 560 మి.మీ. లోతు దొరకదు. అప్పుడు పక్క పలకలు, అడుగు పలక, పై పలక, అరలు అన్నీ వెనుక నుంచి ఒకే మేర తగ్గుతాయి. వెనుక పలక కొలత మారదు, కానీ అది దూరే గాడి, వెనుక వైపు క్యామ్ గుంతలు, బోల్టు రంధ్రాలు కోతతో పోతాయి. మళ్లీ కోసిన ముక్కనే కొలబద్ద చేసుకుని గాడి ఎంత దూరంలో, ఎంత లోతులో, ఎంత వెడల్పులో ఉందో చూసి రౌటర్ మిషన్‌తో కొత్త గాడి తీయండి. రౌటర్ లేకపోతే గాడి జోలికి పోకుండా, వెనుక పలకను పెట్టె బయటి కొలతకు సరిపోయేలా కొత్తగా కోయించి, పెట్టె వెనుక అంచుల మీద 150 మి.మీ.కు ఒకటి చొప్పున చిన్న స్క్రూలతో బిగించవచ్చు.

ఈ పలుచని పలకను తేలికగా తీసుకోకూడదు. పెట్టె వంకర పోకుండా నిలబెట్టేది అదే. బిగించే ముందు పెట్టె ముఖాన మూల నుంచి మూలకు రెండు కర్ణాలు కొలవండి. రెండూ సమానంగా వచ్చేదాకా పెట్టెను సర్దిన తరువాతే స్క్రూలు వేయండి.

సొరుగుల ఛానెళ్లు సాధారణంగా 50 మి.మీ. తేడాతో వస్తాయి: 250, 300, 350, 400, 450, 500. పెట్టె లోతును 410కి తగ్గించారనుకుంటే వెనుక పలక, దాని వెనుక సందు పోను లోపల దాదాపు 390 మిగులుతుంది, కాబట్టి 350 ఛానెల్ పడుతుంది. ముందు ఛానెల్ పొడవు చూసుకుని దాన్ని బట్టి కోత నిర్ణయించడం తెలివైన పద్ధతి. 10 మి.మీ. అనవసరంగా కోసినందుకు 50 మి.మీ. సొరుగు పోగొట్టుకోకూడదు.

గోడకు వేలాడే పెట్టెల లోతు మాత్రం వెనుక నుంచి తగ్గించవద్దనే నా సలహా. వేలాడదీసే బ్రాకెట్లు వెనుక పై మూలల్లోనే ఉంటాయి, పాత్రల బరువంతా వాటి మీదే పడుతుంది. అక్కడ బోర్డు బలహీనమైతే పెట్టె ఎప్పుడు ఊడిపడుతుందో చెప్పలేం. తక్కువ లోతు రకం పెట్టెను కొనడమే మంచిది.

ఎత్తు తగ్గించడం

ఇందులో పక్క పలకలు, వెనుక పలక, తలుపులు మారతాయి, అడ్డ ముక్కలు మారవు. అడుగు పెట్టెనైనా వేలాడే పెట్టెనైనా కింది కొస నుంచే కోయండి. కోసిన ముక్క సాయంతో అడుగు పలక రంధ్రాలు మళ్లీ వేయండి. 32 మి.మీ. గుణిజాల్లో, అంటే 64, 96, 128 చొప్పున తగ్గిస్తే రంధ్రాల వరుసకూ కొత్త అడుగు పలకకూ మధ్య ఉండే దూరం పాతదే ఉంటుంది, సొరుగుల ఛానెళ్లు మళ్లీ అవే రంధ్రాల్లో కూర్చుంటాయి.

పైపుల కోసం గాట్లు

పైపు ఎక్కడ ఉందో గోడ మీద కొలిచి, అట్ట ముక్క మీద నమూనా కత్తిరించి, అది సరిపోయిన తరువాత పలక మీదికి దించండి. పైపు చుట్టూ కనీసం 10 మి.మీ. ఖాళీ వదలండి. గాటు మూలల్లో ముందుగా గుండ్రటి రంధ్రం వేసి అక్కడి నుంచి జిగ్‌సాతో కోస్తే మూల చీలదు. గాటు పక్క పలక వెనుక కింది మూలను తినేస్తే ఆ మూల కింద కాలికి ఆధారం పోతుంది. లోపలి వైపు ఒక గట్టి చెక్క బద్ద స్క్రూలతో బిగించి, కాలిని దాని కిందికి జరపండి. గ్యాస్ వాల్వు, నీటి వాల్వు దాకా చెయ్యి చేరే దారిని ఎప్పుడూ మూసేయకండి. గోడకు రంధ్రం వేసే ముందు లోపల కరెంటు తీగ, పైపు లేవని డిటెక్టర్‌తో చూసుకోండి.

తలుపులు, సొరుగులు

740 పెట్టెకు రెండు తలుపులంటే, సందులకు 3 మి.మీ. చొప్పున పోను ఒక్కొక్కటి 367 మి.మీ. చదునైన మెలమైన్ తలుపైతే కీళ్ల గుంతలు లేని నిలువు అంచు నుంచి కోసి కొత్త అంచు పట్టీ అతికించవచ్చు. పీవీసీ ఫాయిల్ చుట్టిన తలుపును మాత్రం కోయకూడదు. తెగిన చోట ఫాయిల్ లేస్తుంది, లోపలి ఎండీఎఫ్‌కు, అంటే చెక్క పీచును అదిమి చేసిన బోర్డుకు, ఆవిరి తగిలి ఉబ్బుతుంది. చుట్టూ చట్రం ఉన్న తలుపును ఒక పక్క కోస్తే చట్రం ఒక వైపు సన్నగా, ఒక వైపు వెడల్పుగా కనిపిస్తుంది. ఈ రెండు రకాలకూ కావలసిన కొలతలో తలుపులు విడిగా చేయించుకోవడమే దారి. ఆ ఖర్చును పెట్టెను కోయాలా వద్దా అని ఆలోచించేటప్పుడే లెక్కలోకి తీసుకోండి. కొత్త తలుపుకు కీలు గుంత 35 మి.మీ. వ్యాసంతో ఉంటుంది, అంచు నుంచి దాని దూరాన్ని పాత తలుపు చూసి తీసుకోండి.

సొరుగుల్లో ముందు, వెనుక ముక్కలు, అడుగు పలక, బయటి ముఖం పెట్టెతో పాటే 60 మి.మీ. తగ్గుతాయి. పక్కన బిగించే బాల్ బేరింగ్ ఛానెల్ ఒక్కో వైపు దాదాపు 12.7 మి.మీ. చోటు తీసుకుంటుంది. ఆ సందు ఎక్కువైనా తక్కువైనా సొరుగు బిగుసుకుపోతుంది, లేదా కదులుతూ చప్పుడు చేస్తుంది.

కోసిన అంచులను మూయడం

బోర్డుకు అసలు శత్రువు నీరు. పూత లేని అంచుకు తడి తగిలితే బోర్డు ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ మామూలు స్థితికి రాదు. కనిపించే అంచులకు ఇస్త్రీ పెట్టెతో అతికే పట్టీ వేయండి. పట్టీ మీద ఇస్త్రీ పెట్టెను నెమ్మదిగా నడిపి, వేడి ఉండగానే చెక్క ముక్కతో గట్టిగా రుద్ది, చల్లారాక అదనపు అంచును ఆకురాయితో బోర్డు వైపుకు మాత్రమే నెడుతూ అరగదీయండి. వెనక్కి లాగితే పట్టీ లేస్తుంది. కనిపించని అంచులకు, ముఖ్యంగా సింకు పెట్టెలో ప్రతి గాటుకూ, ప్రతి రంధ్రం చుట్టుకూ, రెండు పూతలు పాలీయూరిథేన్ వార్నిష్ గానీ, నీటికి తట్టుకునే జిగురు గానీ పూయండి. ఇది బిగించే ముందే చేయాలి, తరువాత చెయ్యి పట్టదు.

ఫిల్లర్‌ను గోడ వంపుకు తగ్గట్టు చెక్కడం

పెట్టెలన్నీ మట్టానికి నిలబెట్టి, ఒకదానికొకటి స్క్రూలతో కలిపి, గోడకు బిగించిన తరువాతే ఈ పని. పట్టీని కావలసిన దానికంటే 20 మి.మీ. వెడల్పుగా కోసి, పెట్టె ముఖం మీద నిలువుగా, గోడకు ఆనేలా క్లాంపులతో పట్టించండి. గోడ ఉబ్బిన చోట పట్టీ తగులుతుంది, లోపలికి పోయిన చోట సందు కనిపిస్తుంది. ఇప్పుడు పట్టీ లోపలి అంచు పెట్టె అంచును ఎంత మేర దాటి వచ్చిందో కొలవండి. వృత్తలేఖినిని సరిగ్గా అంత దూరానికి తెరిచి, ముల్లును గోడకు ఆనించి, పెన్సిలు పట్టీ మీద నడిచేలా పై నుంచి కిందికి లాగండి. ముల్లు, పెన్సిలు ఎప్పుడూ ఒకే అడ్డగీతలో ఉండాలి, చెయ్యి తిరిగితే గీత తప్పుతుంది. గోడలోని ప్రతి వంపూ పట్టీ మీదికి దిగుతుంది.

ఆ గీతకు 1 మి.మీ. బయటగా జిగ్‌సాతో కోయండి, బేస్ ప్లేటును కొంచెం వాల్చి వెనుక వైపు ఎక్కువ తెగేలా చూడండి. అప్పుడు గోడకు ఆనేది ముందు అంచు ఒక్కటే అవుతుంది, దాన్ని చిత్రికతోనో ఉప్పు కాగితంతోనో గీత దాకా అరగదీయడం తేలిక. పెట్టి చూడండి, తగిలే చోట పెన్సిలుతో గుర్తు పెట్టి మళ్లీ అరగదీయండి. రెండు మూడు సార్లు చూస్తేనే సరిగ్గా కూర్చుంటుంది, ఇక్కడ తొందరపడితే అంతవరకు చేసిన పనికి అందం రాదు. పట్టీని పెట్టె లోపలి నుంచి స్క్రూలతో బిగించండి. వెంట్రుకంత సందు ఇంకా మిగిలితే గోడ రంగుకు సరిపడే యాక్రిలిక్ సీలెంటు పూస్తే చాలు.

తలుపులను చివరన వేలాడదీసి, కీళ్ల మీది మూడు మరలతో పక్కకు, లోతుకు, ఎత్తుకు సర్దండి. ముందుగా ఎత్తు, తరువాత పక్క సందు, ఆఖరున లోతు. కోసిన పెట్టె తలుపు ఎంత తిప్పినా సందు పైన ఒకలా, కింద ఒకలా కనిపిస్తుంటే మరలను వదిలి కర్ణాలు మళ్లీ కొలవండి. పెట్టె వంకరగా ఉంటే వెనుక పలక స్క్రూలు వదులు చేసి, కాళ్లతో సరిచేసి, మళ్లీ బిగించాలి.